‘మనలాంటి వాళ్ళకు పై చదువులెందుకు?’ అంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్ళు. క్లాసులో ఎప్పుడూ ముందుంటుంది. నేను ఇళ్ళలో పనిచేస్తాను, మా ఆయన డ్రైవరు. యూనివర్సిటీలో చదివించమని టీచర్లు చెబుతున్నారు. తనేమో ‘మనలాంటి వాళ్ళకు అవన్నీ ఎందుకమ్మా, చిన్న కోర్సు చేసి ఉద్యోగంలో చేరిపోతాను’ అంటోంది. తిట్టినా బతిమాలినా వినడం లేదు.

జవాబు: ముందు తిట్టడం ఆపండమ్మా. మీ అమ్మాయి చదువు మీద ఆశ లేక అలా అనడం లేదు, ఇంటి పరిస్థితి తెలిసి అంటోంది. మధ్యలో తప్పితే కట్టిన ఫీజు ఏమవుతుంది, తన సంపాదన లేకుండా అన్నేళ్ళు ఇల్లెలా గడుస్తుంది... కలిగినింటి పిల్లలకు ఆ వయసులో ఈ భయాలుండవు. ఒక ఏడాది పోయినా వాళ్ళను ఆదుకునేవాళ్ళుంటారు. మార్కులు సమానంగా వచ్చినా పేదింటి పిల్లలు పై చదువుకు వెనకాడేది ఇందుకేనని ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త రేమోన్ బూదోన్ 1970లలోనే వివరించాడు.

అమెరికాలో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలి. బాగా చదివే పేద విద్యార్థులకు మిషిగన్ యూనివర్సిటీ 2015లో ఉత్తరాలు పంపింది, సీటొస్తే నాలుగేళ్ళూ ఫీజు కట్టక్కర్లేదని. ఆ సాయం వాళ్ళలో చాలామందికి అంతకుముందూ దొరికేదే. కానీ దరఖాస్తు చేసి, సీటొచ్చి, కాగితాలన్నీ ఇచ్చాకగానీ తెలిసేది కాదు. ఉత్తరం అందనివాళ్ళలో 26 శాతం మంది దరఖాస్తు చేస్తే, అందినవాళ్ళలో 68 శాతం మంది చేశారు. పిల్లలు అంతే తెలివైనవాళ్ళు, ఇళ్ళూ అలాంటివే. మారిందల్లా ముందే దొరికిన భరోసా.

మీ అమ్మాయికీ అదే కావాలి. ‘ఎలాగోలా చదివిస్తాంలే’ అనకండి, ఆ మాటలో మీ అప్పులే తనకు కనిపిస్తాయి. టీచరును కూర్చోబెట్టుకుని అసలు ఫీజెంత, ఏ స్కాలర్‌షిప్పులు వస్తాయి, ఎప్పుడు చేతికొస్తాయి, తిరిగి కట్టాల్సింది ఏదైనా ఉందా అన్నవి కాగితం మీద రాయించండి. తను సంపాదించకపోయినా ఇల్లు గడుస్తుందో లేదో దాచకుండా చెప్పండి. కొంతైనా సంపాదించక తప్పదంటే అదీ చెప్పండి.

మీలాంటి ఇంటి నుంచి వెళ్ళి ఇప్పుడు అక్కడ చదువుతున్న అమ్మాయి ఒకరుంటే తప్పకుండా కలిపించండి. మొదటి నెలల్లో బెరుకనిపించిందా, డబ్బులు సరిపోయాయా అని తననే అడగనివ్వండి. వందసార్లు మనం చెప్పినా రాని ధైర్యం ఆ ఒక్క గంటలో రావచ్చు.

చిన్న కోర్సు మీద నిజంగానే ఇష్టముంటే దాన్ని తక్కువగా చూడకండి. అది చేశాక డిగ్రీలోకి వెళ్ళే వీలుందో లేదో మాత్రం కనుక్కోండి. దరఖాస్తు చేసినంత మాత్రాన చేరి తీరాలని లేదు, చేయకపోతే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. ఆఖరు తేదీ ఎప్పుడో ఈ వారమే మీరిద్దరూ కలిసి వెళ్ళి తెలుసుకోండి.