ఏ రాగం వింటే దిగులు తగ్గుతుంది?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మావారు పోయి 14 నెలలైంది. నిద్ర పట్టక, దేని మీదా మనసు నిలవక సైకియాట్రిస్టును కలిస్తే డిప్రెషన్ అని మాత్రలు రాశారు. మూడు నెలలుగా వేసుకుంటున్నాను, కొంత నయం. ఫలానా రాగాలు వింటే మందులే అక్కర్లేదని మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక పట్టిక పంపింది. రాత్రిళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మావారికి ఇష్టమైన పాత పాటలు వింటూ ఏడుస్తుంటాను. మా అమ్మాయి వద్దంటుంది. పెళ్లికి ముందు వర్ణాల దాకా సంగీతం నేర్చుకున్నాను. శనివారాలు రామాలయంలో భజనకు వెళ్లేదాన్ని, ఆయన పోయాక మానేశాను. ఏ రాగం వినాలి? మళ్లీ పాడాలంటే తంబూరా కొనాలా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ముందు మాత్రల సంగతి. ఆపకండి. నయంగా ఉందంటున్నారంటే అవి పనిచేస్తున్నాయన్నమాట. ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర చెదరడం మొదలవ్వచ్చు, తగ్గిన జబ్బు తిరగబెట్టవచ్చు కూడా. పూర్తిగా కోలుకున్నాక కూడా సాధారణంగా కనీసం 6 నెలలు వాడమంటాం. ఆపాల్సినప్పుడు మీ డాక్టరే మోతాదు మెల్లగా తగ్గిస్తారు.

మీ ఆడపడుచు పంపిన పట్టికలాంటివి నాకూ చాలాసార్లు వచ్చాయి. బీపీకి ఒక రాగం, షుగరుకు ఒకటి, దిగులుకు ఇంకొకటి. ఈ రాగం ఈ జబ్బును తగ్గిస్తుందని అంత కచ్చితంగా చెప్పే ఆధారాలు లేవు. వినేవాళ్లకు ఆ పాట ఎంత దగ్గరిదన్నదే ముఖ్యం. నచ్చని ఆలాపనను కషాయంలా రోజూ అరగంట మింగితే మిగిలేది విసుగే.

అలాగని సంగీతం వల్ల ఉపయోగం లేదనను. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో డిప్రెషన్ మీద జరిగిన 9 అధ్యయనాలను, మొత్తం 421 మందిని కలిపి పరిశీలించింది. మామూలు చికిత్సకు సంగీత చికిత్స తోడైనవాళ్లలో లక్షణాలు ఇంకాస్త తగ్గాయి, కనీసం కొంతకాలం పాటు. ‘తోడైన’ అన్న మాట మీ ఆడపడుచుకు చదివి వినిపించండి. పైగా అక్కడ సంగీత చికిత్స అంటే శిక్షణ ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని పాడించడం, వాయించడం, వినిపించి మాట్లాడించడం. యూట్యూబ్ పెట్టుకుని పడుకోవడం కాదు.

ఇక రాత్రి పాటలు. ఏడుపు వస్తోందని భయపడకండి, మీ అమ్మాయికీ అదే చెప్పండి. నేను అడిగేది ఒక్కటే: పాటలు ఆపిన అరగంటకు మీరెలా ఉంటున్నారు? గుండె బరువు దిగి నిద్ర పడుతోందా? అయితే ఆ పాటలు మీకు మేలే చేస్తున్నాయి. అలా కాకుండా ‘ఆ రోజు ఆస్పత్రికి ఇంకాస్త ముందు తీసుకెళ్లి ఉంటే’ అన్న దగ్గరే మనసు గానుగెద్దులా తిరుగుతోందా? అప్పుడు ఆ పాటలు పుండును కెలుకుతున్నట్టు. వాటిని మానక్కర్లేదు, వేళ మార్చండి. సాయంత్రం ఐదింటికి, ఇయర్‌ఫోన్స్ లేకుండా, వీలైతే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. ఆ పాట ఆయన ఎప్పుడు పాడుకునేవారో, ఎక్కడ చరణం తప్పేవారో చెప్పండి. దిగులు పాటతో మొదలుపెట్టి, ఆపైన కొంచెం తేలికైనది, చివరికి హుషారైనది వినండి. సంగీత చికిత్సకులు వాడే పద్ధతే ఇది. ఏడుస్తున్న మనిషికి ఎత్తుకోగానే పెళ్లిపాట వినిపిస్తే ఒంటబట్టదు. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ హాల్లో ఉంచండి.

ఒక్కోసారి ఎంత ఇష్టమైన పాటా చప్పగా అనిపించవచ్చు. కంగారుపడకండి, అదీ ఈ జబ్బు లక్షణమే. ఒళ్లు గగుర్పొడిచేంత నచ్చిన సంగీతం విన్నప్పుడు మెదడులో డోపమిన్ విడుదలవుతుందని 2011లో మాంట్రియల్ శాస్త్రవేత్తలు స్కానింగులో చూపించారు. డిప్రెషన్‌లో మందగించేది ఆ ఆనందించే యంత్రాంగమే. పాట మళ్లీ రుచించడం మొదలైతే మీ డాక్టరుకు తప్పక చెప్పండి, మాకు అది మంచి కబురు.

నన్నడిగితే మీకు వినడం కన్నా పాడటమే ఎక్కువ అవసరం. పాడేటప్పుడు ఊపిరి చటుక్కున తీసుకుని నెమ్మదిగా, పొడుగ్గా వదులుతాం. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి దాని వేగాన్ని తగ్గిస్తుంది, ఒంట్లో బిగువు సడలుతుంది. పైగా స్వరం, తాళం చూసుకుంటూ పాత చింత తలుచుకోవడం కుదరదు. రోజూ పొద్దున పావుగంట చాలు. ఏ రాగం అని అడిగారు కాబట్టి నా సలహా మాయామాళవగౌళ! అందులో ఔషధ గుణాలేవో ఉన్నాయని కాదు, సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు ఆ రాగంలోనే నేర్చుకుని ఉంటారని. వర్ణంలాంటి కష్టమైన పాఠాల జోలికి అప్పుడే పోకండి, పూర్వంలా రావడం లేదని కొత్త దిగులు పట్టుకుంటుంది. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్ల గొంతు కాస్త బరువెక్కుతుంది. ఒకప్పుడు ఐదున్నర శ్రుతిలో (గొంతు ఎత్తు కొలత అది) పాడి ఉంటే ఇప్పుడు నాలుగున్నరకు దిగండి. అపస్వరాలు పడితే పడనివ్వండి. (శ్రుతి తప్పడంలో నాకు మంచి అనుభవం ఉంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.)

శనివారం భజన ఎందుకు మానేశారో రాయలేదు. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న జంకేనని నా అనుమానం, నా దగ్గరికొచ్చే చాలామంది ఆడవాళ్ల విషయంలో అదే కారణం. భర్త పోయిన మనిషి పాడకూడదని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు. అంటే ఒకరిద్దరు అంటారేమో, మిగతావాళ్లు జరిగి చోటిస్తారు. నలుగురితో గొంతు కలిపినప్పుడు వచ్చే తెరిపి ఒంటరిగా పాడితే రాదు. అంతకన్నా ముఖ్యం, ఒక వారం మీరు కనబడకపోతే ‘ఏమ్మా, రాలేదే’ అని అడిగేవాళ్లు ఉంటారు. మొదటి వారం అమ్మాయిని తోడు తీసుకెళ్లండి. గొంతు పెగలకపోతే తాళం వేసినా సరే.

తిండి మానేసేంతగా దిగులు ముదిరినా, బతకడం ఎందుకన్న ఆలోచన వచ్చినా పాటలతో సరిపెట్టుకోకండి. వెంటనే అమ్మాయికి చెప్పి డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

తంబూరా కొనక్కర్లేదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే శ్రుతి యాప్ ఒకటి అమ్మాయితో వేయించుకోండి.