జెమ్‌స్త్వో రైతు సభ్యులు: ఎన్నికా, నియామకమా?

రష్యా సామ్రాజ్యంలోని జెమ్‌స్త్వో, అంటే స్థానిక పాలనా సంస్థ, పత్రాల్లో 1875 నాటి రైతు సభ్యుల్ని ఎన్నుకున్నారనీ, 1895 నాటివాళ్లని గవర్నర్ నియమించాడనీ ఉంది, ఏది తప్పు అని మీరు అడిగారు. రెండూ సరైనవేనండి, మధ్యలో చట్టం మారింది.

1864 చట్టంలో రైతులది పరోక్ష ఎన్నిక. వోలోస్త్, అంటే కొన్ని గ్రామాల రైతుల పాలనా విభాగం, సభ ప్రతినిధుల్ని పంపితే, వాళ్లు సమావేశమై ఉయెజ్ద్, అంటే జిల్లా, సభకు మూడేళ్ల కాలానికి సభ్యుల్ని ఎన్నుకునేవారు. 1890 చట్టంతో వోలోస్త్‌కి అభ్యర్థుల్ని ఎంచడమే మిగిలింది. వాళ్లలోంచి గవర్నర్ ఏరుకునేవాడు. భూస్వాములకి మాత్రం ఈ తిప్పలు లేవు! 1906లో గవర్నర్‌కి ఆ అధికారం పోయింది. కాబట్టి పత్రం మీద సంవత్సరం ముందు చూడండి.

ఇంకొకటి, వోలోస్త్ పెద్దని జెమ్‌స్త్వో ఉద్యోగిగా రాసుకున్నారు, అది దిద్దండి. వోలోస్త్ రైతులకే పరిమితమైన వేరే వ్యవస్థ. ఆ స్థాయిలో జెమ్‌స్త్వో 1917లో తాత్కాలిక ప్రభుత్వం వచ్చాకే.