ఓవెన్ లేకుండా, గుడ్డు వేయకుండా ఆపిల్ పుడ్డింగ్

ఇంట్లో ఓవెన్ లేదు, గుడ్డు తినం, జ్వరం నుంచి కోలుకుంటున్న అమ్మకి మెత్తగా ఆపిల్ పుడ్డింగ్ ఎలా చేయాలి అని అడిగారు. రెండేళ్ల క్రితం మా ఇంట్లోనూ దాదాపు ఇదే పరిస్థితి. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. మావయ్యగారికి ఒకేసారి నాలుగు దంతాలు తీశారు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ కిలో ఆపిల్స్ పట్టుకొచ్చారు. మనవాళ్లకి ఆపిల్ అంటే రోగిని పలకరించడానికి తీసుకెళ్లే పండే కదా. ఆయనేమో కొరకలేరు. ఫ్రిజ్ నిండా ఆపిల్స్, ఆయనకి మాత్రం మూడు పూటలా జావ. నాకు ప్రాణం ఉసూరుమనిపించింది.

డెన్మార్క్ ఇళ్లల్లో ఒక పాత పద్ధతి ఉంది. ఉడికిన ఆపిల్ గుజ్జు, వెన్నలో వేయించిన బ్రెడ్ పొడి, పైన గిలక్కొట్టిన మీగడ పొరలుగా వేస్తారు. పేరుకి ఆపిల్ కేక్ అంటారు గానీ ఓవెన్‌లో పెట్టే పనే లేదు. నేను బ్రెడ్ పొడి బదులు మా వీధి చివర అయ్యంగార్ బేకరీ రస్కులు, మీగడ బదులు కస్టర్డ్ వాడతాను.

ముందు ఆపిల్ సంగతి. మధ్యస్థం సైజువి నాలుగు చాలు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వచ్చే సిమ్లా ఆపిల్స్‌లో కాస్త పులుపు ఉంటుంది, తొందరగా మెత్తబడతాయి. నాకు వాటితో చేసిందే ఇష్టం. ముదురు ఎరుపు వాషింగ్టన్ రకం ఉత్త తీపి, ఉడికాక చప్పగా అనిపిస్తుంది. అవే ఉంటే అరచెక్క నిమ్మరసం పిండండి, లేదా ఒక ఆకుపచ్చ ఆపిల్ కలపండి. పులుపు లేకపోతే ఎంత చక్కెర వేసినా రుచి రాదు.

తొక్క తీసి, గింజలు తీసేసి, చిన్న ముక్కలు కోయండి. తొక్కలు పారేయకండి. వాటిని గ్లాసు నీళ్లలో పది నిమిషాలు మరిగించి వడకడితే లేత గులాబీ రంగు నీళ్లు వస్తాయి. తొక్కలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం ఆ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి గుజ్జు చిక్కగా, నిగనిగలాడుతూ వస్తుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో ముక్కలు, ఆ నీళ్లు పావు గ్లాసు, రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు, అంగుళం దాల్చిన చెక్క వేసి మూతపెట్టి సన్నసెగ మీద పావుగంట ఉడికించండి. తర్వాత మూత తీసి తడి ఇగిరేదాకా గరిటెతో మెదుపుతూ కలపాలి. ఇక్కడ తొందరపడితే కింద నీళ్లు ఊరి రస్కు పిండిముద్దలా అయిపోతుంది. చివర్లో చెంచాడు నెయ్యి వేసి దించండి.

మొదటిసారి నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. పాయసంలో కలిపినట్టు పొయ్యి మీదున్న ఆపిల్‌లోనే పాలు పోసేశాను. నిమిషంలో విరిగిపోయాయి. ఆపిల్‌లో మాలిక్ ఆమ్లం ఉంటుంది, వేడి పాలు దాన్ని తట్టుకోలేవు. అందుకే గుజ్జు వేరే, కస్టర్డ్ వేరే చేసుకుని, రెండూ చల్లారాకే కలుపుతాను.

కస్టర్డ్ పౌడర్‌లో గుడ్డు ఉంటుందేమో అని టెన్షన్ పడకండి. 1837లో ఇంగ్లండ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, తన భార్యకి గుడ్డు పడదని, గుడ్డు లేని కస్టర్డ్ కోసమే దాన్ని తయారుచేశారు. అందులో ఉండేది ముఖ్యంగా కార్న్‌ఫ్లోర్. అయినా కొనేటప్పుడు ప్యాకెట్ మీద పచ్చచుక్క చూసుకోండి. అర లీటరు పాలకి రెండు పెద్ద చెంచాల పొడి. పొడిని ముందు చల్లటి పాలలో కలిపి, మరిగే పాలలో పోస్తూ ఆపకుండా తిప్పాలి. చక్కెర మూడు చెంచాలు.

నాలుగైదు రస్కుల్ని రవ్వలా నలిపి చెంచాడు వెన్నలో ఎర్రగా వేయించండి. గాజు గిన్నెలో గుజ్జు, రస్కు, కస్టర్డ్ వరసగా వేసి, మళ్లీ అదే వరసలో ఇంకొకసారి. అమ్మగారికి షుగర్ ఉంటే చక్కెర మానేసినా రస్కులోనూ కస్టర్డ్‌లోనూ పిండి ఉంటుంది, కాబట్టి చిన్న కప్పుడే పెట్టండి.

పిల్లలకైతే తినే ముందు పొరలు వేస్తే కరకరలాడుతుంది. అమ్మగారికి మాత్రం రెండు మూడు గంటల ముందే వేసి ఉంచండి, రస్కు నాని నోట్లో ఇట్టే కరిగిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే అరగంట ముందు బయటికి తీయండి. మావయ్యగారికి అలాగే పెట్టాను. ఆయన గిన్నె ఖాళీ చేసి, "రేపటికి ఆపిల్స్ ఉన్నాయామ్మా?" అని అడిగారు.