ఆ ఇల్లు ఎవరిది?

తమ్ముడూ,

నీ బయోపిక్ స్క్రిప్ట్ రెండుసార్లు చదివా. జైలు సీను బాగా కుదిరింది, కానీ ఒక్క డౌటు, ఆ ఉద్యమంలో నీ హీరో తప్ప ఇంకెవరూ లేరా? కరపత్రం రాసేది ఆయనే, ఊరేగింపులో ముందు ఆయనే, లాఠీ దెబ్బా ఆయనకే, ఆఖరికి చర్చలకి వెళ్లేదీ ఆయనొక్కడే, మిగతావాళ్లంతా వెనకాల జిందాబాద్ అనడానికే ఉన్నట్టున్నారు.

బయోపిక్‌లో ఎవర్ని వదిలేశాం అన్నదే అసలు రాజకీయం. 1982లో వచ్చిన అటెన్‌బరో 'గాంధీ' చూశావుగా, మూడు గంటల పైన సినిమా, అంత్యక్రియల సీనుకే దాదాపు 3 లక్షల మంది జనం, కానీ అంబేడ్కర్ గారు మాత్రం ఎక్కడా కనపడరు. ఆయన లేరు కాబట్టి 1932 పూనా ఒప్పందమూ లేదు, దళితుల ప్రత్యేక నియోజకవర్గాలు వద్దంటూ ఎరవాడ జైల్లో గాంధీ గారు చేసిన దీక్షా లేదు, అంటే ఆయన్ని అందరికంటే గట్టిగా నిలదీసిన మనిషే ఎగిరిపోయాడు. 8 ఆస్కార్లు వచ్చిన సినిమా, నాకూ ఇష్టమే, కాదనను, కానీ అది చూసి పెరిగిన పిల్లలకి అదే చరిత్ర కదా.

డాక్యుమెంటరీలో ఇంకో తలనొప్పి, అక్కడ మనుషులు బతికే ఉంటారు. ఇండోనేషియాలో 1965-66లో జరిగిన ఊచకోతల మీద 2012లో 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' వచ్చింది, దాని ఎండ్ టైటిల్స్ చూడు, అనానిమస్ (పేరు చెప్పని వ్యక్తి), అనానిమస్ అని వరసగా వస్తూనే ఉంటుంది, కో-డైరెక్టర్లలో ఒకరి పేరు కూడా అదే. అన్నేళ్ల తర్వాత కూడా పేరు బయటపెడితే ప్రమాదమే మరి.

ఇది నాకు లేటుగా అర్థమైంది. ఒక సమ్మె మీద తీస్తున్నప్పుడు ఒకావిడ కెమెరా ముందు యాజమాన్యాన్ని ఉతికి ఆరేసింది, షాట్ అదిరిందని మేం ఒకటే సంబరం. సమ్మె అయిపోయింది, మేం ఇంకో సబ్జెక్ట్ చూసుకున్నాం, మళ్లీ పనిలోకి రానివ్వని వాళ్లలో మొదటి పేరు ఆవిడది. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. అప్పట్నించీ కెమెరా ముందుకొచ్చే వాళ్లని సరేనా అని రెండుసార్లు అడుగుతున్నా, షూటింగుకి ముందోసారి, ఎడిట్ చేసింది చూపించి ఇంకోసారి, వద్దంటే తీసేయడమే, ఎడిటర్ తిడితే తిట్టనీ.

లైఫ్ రైట్స్, అంటే ఒకరి జీవితాన్ని సినిమాగా తీసే హక్కుల సంగతి అడిగావ్, అది లాయర్‌తో మాట్లాడు, నాకంటే బాగా చెప్తాడు.

సరే, 41వ పేజీ తియ్యి. రహస్య మీటింగ్ సీన్లో 'ఒక స్త్రీ మంచినీళ్లు ఇచ్చి వెళ్తుంది' అని రాశావ్. ఎవరావిడ? అంత రాత్రి, ఆ గదిలోకి, ఎవరూ అడ్డం చెప్పకుండా వచ్చిందంటే ఇల్లు ఆవిడదే అయ్యుండాలి, పోలీసులొస్తే ముందు తలుపు తీయాల్సిందీ ఆవిడే, నువ్వేమో కనీసం పేరు కూడా పెట్టలేదు. హీరో గారి అబ్బాయితో టచ్‌లో ఉన్నావుగా, ఫోన్ చేసి ఆ ఇల్లు ఎవరిదో కనుక్కో, తర్వాత ఆ సీను వంటింట్లోంచి మొదలుపెట్టి రాసి పంపు.