డాక్టర్ సలహా: కార్డు సంగతి తర్వాత చూద్దాం, ముందు చెవుల పరీక్ష చేయించండి

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల పది నెలలు. ఏడాది దాటగానే అమ్మ, తాత, బువ్వ, కాకి అనేవాడు. ఏడాదిన్నర తర్వాత ఒక్కొక్కటీ మానేశాడు. పిలిస్తే పలకడు. ఒక్కోసారి ఆడుతూ ఆడుతూ ఆగిపోయి ఒకవైపే చూస్తూ ఉండిపోతాడు, కాసేపటికి మామూలవుతాడు. ఆటిజం కావచ్చని ఒక డాక్టరు అన్నారు. అమెరికాలో ఆటిజం ఉన్నవారి పేర్లతో జాతీయ రిజిస్టర్ పెడుతున్నారని చదివాను. ఇక్కడ యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు తీసుకుంటే మావాడి పేరూ అలాంటి జాబితాలోకి ఎక్కుతుందా? బడిలో సీటుకు, రేపు ఉద్యోగానికి, వాడి అక్క పెళ్లికి అడ్డం వస్తుందని ఇంట్లో భయపడుతున్నారు. అందుకే పరీక్షలు చేయించలేదు. పదిహేనో నెలలో వేయించిన ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా వల్లే మాటలు పోయాయని మా అమ్మ అంటుంది, ఆ తర్వాతి బూస్టర్ వేయించలేదు. ఒక వీడియో చూసి ఫోలినిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టాం. కార్డు తీసుకోవాలా, వద్దా?
– పేరు వద్దన్నారు, పలమనేరు

సమాధానం: మీరు అడిగింది కార్డు గురించి. నన్ను కంగారు పెట్టినవి మాత్రం మీరు దారిలో చెప్పేసి వెళ్లిపోయిన వాక్యాలు. వచ్చిన మాటలు పోయాయట, పిలిస్తే పలకడట, ఆడుతూ ఆగిపోయి చూస్తూ ఉండిపోతాడట. వీటి మీద ఏడాదికి పైగా ఒక్క పరీక్ష కూడా జరగలేదు.

బిడ్డను చూడకుండా ఇది ఆటిజమని గానీ, కాదని గానీ నేను చెప్పను, చెప్పకూడదు. కానీ మాటలు ఆలస్యం కావడం వేరు, వచ్చిన మాటలు పోవడం వేరు. రెండోది ఏ వయసులో కనిపించినా ఆగకుండా డాక్టరుకు చూపించాల్సిందే. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఇలా వచ్చిన మాటలు వెనక్కి వెళ్లడం కనిపిస్తుంది. వినికిడి లోపంలోనూ, కొన్ని రకాల మూర్ఛల్లోనూ మాట దెబ్బతినవచ్చు. ముందు వాటిని తేల్చుకోవాలి.

వినికిడి పరీక్ష అనగానే చాలా ఇళ్లలో ఒకటే జవాబు: వెనక నుంచి స్టీలు పళ్లెం కింద పడేశాం, ఉలిక్కిపడ్డాడు, చెవులు బాగున్నాయి. పళ్లెం మోత చాలా పెద్దది. కొంత వినికిడి తగ్గిన పిల్లలు కూడా దానికి ఉలిక్కిపడతారు, మాటలోని సన్నని ధ్వనులు మాత్రం వారికి అందవు. బెరా అనే పరీక్ష ఉంది. బిడ్డ నిద్రలో ఉండగా తల మీద చిన్న తీగలు అంటించి రెండు చెవులకూ విడివిడిగా చేస్తారు. నొప్పి ఉండదు. ఇక చూస్తూ ఉండిపోవడం. అన్ని చూపులూ మూర్ఛ కావు, ఆటిజం ఉన్న పిల్లలు ఒక వస్తువునే చూస్తూ మునిగిపోవడం మామూలే. భుజం తట్టినా స్పందన లేకపోతే, కనురెప్పలు టపటప కొట్టుకుంటుంటే, పెదవులు నమలడం లాంటిది కనిపిస్తే అనుమానించాలి. ఈసారి జరిగినప్పుడు ఫోనులో వీడియో తీసి పిల్లల నరాల డాక్టరుకు చూపించండి. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) కావాలో వద్దో వారే చెబుతారు.

తిరుపతిలో కూర్చుని నేను ఎక్కువగా వినే మాట ‘చూద్దాంలే’. వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి, మగపిల్లలకు ఆలస్యమే, వస అరగదీసి నాకిస్తున్నాం, కొండ మీద పుట్టువెంట్రుకలు తీయిస్తే అన్నీ వస్తాయి. మొక్కు తీర్చుకోవద్దని ఎవరూ అనరు, నేనూ అనను. అలిపిరి దిగాక రుయా ఆసుపత్రి పెద్ద దూరం లేదు, అదే ప్రయాణంలో పిల్లల విభాగంలో చూపించుకుని వెళ్లండి. మీ వైపు వాళ్లు చాలామంది వేలూరు వెళతారు, అదీ మంచిదే. ఎక్కడైనా ఫరవాలేదు, ఈ వారంలో వెళ్లండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే సత్వర చికిత్సా కేంద్రాల గురించి ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగంలో అడిగితే చెబుతారు. ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. స్పీచ్ థెరపీకీ, ఆక్యుపేషనల్ థెరపీకీ (రోజువారీ పనులు నేర్పే చికిత్స) కార్డు అక్కరలేదు. రిజిస్టర్ భయంతో వైద్యం ఆపాల్సిన అవసరమే మీకు లేదు, ఆపేశారు.

ఇక రిజిస్టర్. అమెరికాలో జరిగింది ఇది: 2025 ఏప్రిల్‌లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ అధిపతి ఆటిజం పరిశోధన కోసం రకరకాల వైద్య రికార్డులను ఒకచోటికి చేరుస్తామన్నారు. ఆటిజం ఉన్నవారు, వారి కుటుంబాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. తర్వాత ప్రభుత్వం రిజిస్టర్ పెట్టడం లేదని, పరిశోధనకు సమాచార వేదిక మాత్రమేనని సవరించుకుంది. వారి భయం గాలిలోంచి పుట్టలేదు. 1939లో జర్మనీలో వైకల్యంతో పుట్టిన పసివాళ్ల వివరాలు విధిగా నమోదు చేయాలని ఉత్తర్వు వచ్చింది, ఆ జాబితాల ఆధారంగానే వేలమంది పిల్లలను చంపారు. జాబితా ఎవరి చేతిలో ఉంది, ఎందుకు రాస్తున్నారు అని అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.

రెండో వైపు కూడా చూడండి, ఎందుకంటే మీ ఇంటి గొడవకే అది జవాబు. డెన్మార్క్‌లో ప్రతి పౌరుడి ఆరోగ్య వివరాలూ జాతీయ రిజిస్టర్లలో ఉంటాయి. వాటి ఆధారంగా 2019లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించారు. ఎంఎంఆర్ టీకా వేసుకున్నవారిలో ఆటిజం పెరగలేదు. ఆ రిజిస్టర్లు లేకపోతే ఇప్పటికీ మీ అమ్మగారిదో మాట, నాదో మాట. టీకా వేసే వయసూ, మాటలు జారిపోవడం కనిపించే వయసూ ఒకటే కావడం వల్ల పెద్దావిడకు అలా తోచింది, ఆమెను తప్పుపట్టకండి. మిగిలిన బూస్టర్ మాత్రం డాక్టరును అడిగి వేయించండి.

మన దేశంలో ఆటిజం ఉన్నవారికంటూ విడిగా జాతీయ జాబితా లేదు. ఉన్నది యూడీఐడీ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, అన్నింటికీ ఒకటే కార్డు. తీసుకోవాలన్న బలవంతం లేదు. తీసుకోకపోతే శిక్షా లేదు, పథకమూ లేదు. మన రాష్ట్రంలో దారి సదరం (వైకల్య ధ్రువపత్రాలిచ్చే) శిబిరం, సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోవచ్చు. చాలా ప్రయోజనాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. అర్హత ఉంటే నెలకు 6,000 రూపాయల పింఛను, నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా, పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్న తండ్రికి 75,000 రూపాయల మినహాయింపు, తీవ్ర వైకల్యమైతే 1,25,000. ఆటిజం కొలతకు 40 అంశాలున్న ఇసా అనే ప్రశ్నావళి వాడతారు. మీవాడి వయసుకు సాధారణంగా తాత్కాలిక ధ్రువపత్రమే ఇస్తారు, తర్వాత మళ్లీ పరీక్షిస్తారు.

బడి సీటంటారా, వైకల్యం ఉందని పిల్లల్ని కాదనకూడదని చట్టమే చెబుతోంది. కాదనే బళ్లు ఉన్నాయి, అది వేరే సంగతి. వాడి ప్రవర్తన చూసి అంటారు గానీ కార్డు చూసి అనరు. మీ పాప వయసు రాయలేదు, తమ్ముడికి ఇంకా మూడేళ్లు నిండలేదు కాబట్టి ఆమె పెళ్లికి చాలా కాలముందని ఊహిస్తున్నాను. అప్పటి సంబంధాల కోసం ఇప్పుడు తమ్ముడి చికిత్స ఆపడం నాకు అర్థం కాలేదు.

గోప్యత గురించి అడిగారు గనుక ఇది చెప్పాలి. మీ ఉత్తరంతో పాటు బాబు పూర్తి పేరు, ఫోటో, ఆధార్ ప్రతి, నలభై సెకన్ల వీడియో మాకు, అంటే ఒక వార్తా పోర్టల్‌కు పంపారు! తొలగించమని సిబ్బందికి చెప్పాను. ప్రభుత్వ కంప్యూటర్ నుంచి వివరాలు బయటికి పోవని నేను హామీ ఇవ్వలేను. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, పథకాల కోసం ప్రభుత్వానికి మాత్రం కొంత వెసులుబాటు ఇచ్చింది. నేను చూసినంతలో గుట్టు బయటపడేది వేరేచోట. థెరపీ కేంద్రం ప్రచారానికి పెట్టే వీడియోలో, తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులో, కొన్ని శిబిరాల వరండాలో పేరూ శాతమూ గట్టిగా చదివే గుమస్తా గొంతులో. థెరపీలో చేర్చేటప్పుడు ఫారం పూర్తిగా చదవండి, ఫోటోలకు అనుమతి అన్న గడి దగ్గర వద్దని రాయండి. నివేదికల అసలు ప్రతులు మీ దగ్గరే ఉంచుకోండి.

మాత్రల విషయంలో మాత్రం కోపం వచ్చింది. ఫోలినిక్ యాసిడ్ (ఒక రకం బి విటమిన్) మీద చిన్న అధ్యయనాలు ఉన్నాయి, ఆటిజం ఉన్న పిల్లలందరికీ ఇచ్చేంత ఆధారం లేదు. కొందరు పిల్లల్లో చికాకు, నిద్రలేమి పెరగవచ్చు. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ వంటి మందుల పనితనాన్ని ఇది తగ్గించగలదు. మూర్ఛ ఉందో లేదో తేలని బిడ్డకు వీడియో చూసి మోతాదు లెక్కగట్టారు. ఇక మీ అంతట మీరు వేయకండి. ఇప్పటివరకు ఎంత, ఎన్నాళ్లు ఇచ్చారో కాగితం మీద రాసి, మాత్రల డబ్బాతో సహా డాక్టరుకు చూపించండి.

ఈలోగా ఒంటికి కుదుపులు వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టకండి, నీళ్లు పోయకండి, చేతిలో తాళంచెవులు పెడుతూ సమయం పోగొట్టకండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్లీ వచ్చినా 108కి ఫోను చేయండి.