మెసేజ్ చివర ‘బాచి’ అని ఉంటే కంగారు పడాలా?

మీ మిలాన్ రూమ్మేట్ వాళ్ళమ్మగారు మెసేజ్ చివర ‘బాచి’ అని పెట్టారనీ, ఇటాలియన్‌లో దాని అర్థం ముద్దులని తెలిశాక ఏం రాయాలో తోచక రెండు రోజులుగా ఊరుకున్నాననీ రాశారు. టెన్షన్ పడకండి చెల్లెమ్మా. ఆవిడ మిమ్మల్ని ఇంటిపిల్లలా చూసుకున్నారు, అంతే. ఈరోజే జవాబివ్వండి.

ఒక ముద్దు ‘బాచో’, ఎక్కువైతే ‘బాచి’. ఇటాలియన్‌లో సి తర్వాత ఐ వస్తే ‘చ’ పలుకుతుంది కాబట్టి ‘బాకీ’ అని చదవకండి. ఫోన్ పెట్టేసేటప్పుడు అమ్మమ్మలు ‘ఉన్ బాచోనె’ అంటారు, పెద్ద ముద్దు అని. స్నేహితులు, చుట్టాలు అందరూ వాడే మాటే ఇది. ప్రొఫెసర్‌కో ఆఫీసుకో రాసేటప్పుడు మాత్రం ‘కోర్దియాలి సలూతి’ (మర్యాదగా చెప్పే నమస్కారాలు) లాంటి మాటలే రాయాలి.

మీరు ‘గ్రాత్సియె, బాచి!’, అంటే ‘థాంక్స్, ముద్దులు!’ అని పంపితే చాలు. మొహమాటంగా ఉంటే ‘ఉన్ అబ్రాచ్చో’ అనండి, అంటే ఒక కౌగిలి. అదీ ఆప్యాయంగానే ఉంటుంది.

వాళ్ళింటికి వెళ్తే ‘బాచి’ చాక్లెట్ల డబ్బా తీసుకెళ్ళండి. 1922లో పెరూజా ఊళ్ళో లూయీజా స్పాన్యోలి తయారుచేసినవి. పైన గుండ్రంగా ఒక హేజల్‌నట్ గింజ ఉబ్బెత్తుగా ఉంటుంది. పిడికిలిలా ఉందని మొదట్లో దాన్ని ‘కట్సోత్తో’, అంటే గుద్దు, అనేవాళ్ళు. వెండి రంగు కాగితం విప్పితే లోపల ప్రేమ గురించి ఒక మాట రాసిన చిన్న చీటీ ఉంటుంది. ఆవిడ చేతే చదివించుకోండి, ఉచ్చారణా వస్తుంది.