మారిషస్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ఎబెన్‌లో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న చెప్పగానే వీధిలో అందరికీ చాటేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్కడ కొన్నాళ్ళు కాపురం చేసినదాన్ని కాబట్టే ఈ టెన్షన్.

బట్టల సంగతి సులువు. అక్కడ జూలైలో చలికాలం. క్యూర్‌పీప్ వైపు ఇల్లు దొరికితే స్వెట్టరు, గొడుగు రెండూ కావాలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్లు. మూడో నంబరు హెచ్చరిక వచ్చిందంటే గడప దాటకు.

సముద్రం గురించి మాత్రం వంద చెప్పినా తక్కువే. దీవి చుట్టూ చాలామటుకు పగడపు దిబ్బలున్నాయి. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి, ఇవతల నీళ్ళు చెరువులా ఉంటాయి. బ్లూ బేలో ఆ నీళ్ళకి అలవాటుపడ్డ మీ మామయ్య ఓ ఆదివారం దక్షిణాన గ్రి గ్రికి తీసుకెళ్ళారు. అక్కడ దిబ్బలు లేవు, సముద్రం నేరుగా ఒడ్డు మీదకే వస్తుంది. దిగొద్దని బోర్డు కూడా ఉంది. "గోదావరి ఈదినవాణ్ణే, ఇదెంత" అంటూ ప్యాంటు మడిచారు. మోకాలి లోతులోనే ఒక అల కాళ్ళకింద ఇసుకతో సహా లాగేసింది. అక్కడున్న ఇద్దరు కుర్రాళ్ళు చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చారు, క్రియోల్‌లో తిట్టారు కూడా. నాకు భాష రాకపోయినా ప్రతి తిట్టూ న్యాయంగానే అనిపించింది. ఆయన ఇప్పటికీ కాలు జారిందనే అంటారు. నువ్వూ ఆ రక్తమే కదా, అందుకే భయం.

సెలవు రోజు పోర్ట్ లూయీలో ఆప్రవాసి ఘాట్ చూడు, మన కూలీలు ఓడ దిగిన పాత రేవు అది. 1835లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి మనుషులు కావాల్సి వచ్చి, మన దేశం నుంచి ఒప్పంద కూలీలను లక్షల్లో దింపారు. కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడెక్కినవాళ్ళూ ఉన్నారు వాళ్ళలో. వాళ్ళ మునిమనవలు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, గుడిలో రామభజన తెలుగులో పాడతారు. ఉగాదికి దేశమంతా సెలవు! వాళ్ళ తెలుగు దిద్దబోకు, నవ్వకు. "మీరేమిట్లు?" అని కులం అసలే అడక్కు. భోజనానికి పిలిస్తే వెళ్ళు, రెండోసారి వడ్డిస్తే వద్దనకు.

అక్కడికంటే మనకి గంటన్నర ముందు. నేను తొమ్మిదికే పడుకుంటాను, అయినా లేపు. ఆదివారాలైతే బీచికి వెళ్ళే ముందొకసారి, వచ్చాక ఒకసారి.

మీ అత్త